వేసవిలో గుడ్డు పెంకు ఎందుకు పలచబడుతుంది?

ప్రశ్న: డాక్టరు గారూ, తణుకు దగ్గర రేకుల షెడ్డులో ఎనిమిది వేల లేయర్ కోళ్లను పెంచుతున్నాను. వాటి వయసు 58 వారాలు. ఉగాది దాటినప్పటి నుంచి పెంకు పలచబడి వంద గుడ్లకు ఏడెనిమిది పగులుతున్నాయి, అప్పుడప్పుడు తోలుగుడ్లు (గట్టి పెంకు లేకుండా మెత్తటి పొరతో వచ్చేవి) కూడా వస్తున్నాయి. రెండు వారాలుగా కాల్షియం టానిక్కు నీళ్లలో కలుపుతున్నా గుణం కనిపించలేదు. దాణాలో రాతిపొడి (కాల్షియం కోసం కలిపే సున్నపురాయి పొడి) పెంచమంటారా, లేక కోళ్లను అమ్మేయమంటారా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇప్పుడే అమ్మవద్దు. 72 వారాలు, ఆపైన కూడా పెట్టగల కోళ్లను 58 వారాలకే తీసేయడం నష్టం. రాతిపొడి కూడా గుడ్డిగా పెంచవద్దు. పొడి ఎక్కువైతే దాణా రుచి చెడి, ఎండకు అసలే తక్కువ తింటున్న కోడి మరింత తక్కువ తింటుంది.

మీ కోళ్లకు కాల్షియం అందకపోవడం కంటే, అది వేళకు అందకపోవడం, అందినది పెంకుగా మారకపోవడం పెద్ద చిక్కు అని నా అభిప్రాయం. ఒక్కో పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు కట్టడానికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది, అందులో పెంకు వేగంగా కట్టే దశ చాలావరకు దీపాలు ఆర్పేశాక రాత్రిపూటే జరుగుతుంది. పగలు తిన్న మెత్తటి రాతిపొడి అప్పటికే పేగు దాటిపోయి ఉంటుంది కాబట్టి కోడి తన ఎముకల నుంచి కాల్షియం తీసి పెంకుకు పెడుతుంది. అదే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పలుకులుగా ఉన్న రాయి గానీ, ఆల్చిప్ప గుల్ల గానీ అయితే కందనకాయలో నిలిచి తెల్లవారే దాకా కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. అందువల్ల మొత్తం రాయి మోతాదు మార్చకుండా, అందులో సగానికి పైగా పలుకులుగా మార్చి, సాయంత్రపు దాణాతో వేయండి.

ఎండ సంగతి వేరు. కోడికి చెమట పట్టదు, రొప్పి వేడిని వదులుకుంటుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) ఎక్కువగా బయటికి పోతుంది. పెంకుకు కాల్షియంతో పాటు కావలసిన కార్బోనేటు దానినుంచే రావాలి కనుక, టానిక్కు ఎంత పోసినా మీకు ఫలితం దక్కలేదు. ఆ లోటు పూడ్చడానికి టన్ను దాణాకు రెండు కిలోల వంటసోడా కలిపి, ఉప్పు ఒక కిలో తగ్గించండి. ఉప్పు తగ్గించకుండా సోడా కలిపితే సోడియం ఎక్కువై కోళ్లు నీళ్లు అతిగా తాగి పారుకుంటాయి.

పొద్దున పది గంటలకల్లా తొట్లు ఖాళీ అయ్యేలా చూసి, మళ్లీ నాలుగు దాటాక వేయండి. తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడి కొన్ని గంటల తరువాతే ఎక్కువవుతుంది కాబట్టి పదకొండింటికి తిన్న కోడికి మధ్యాహ్నం మండుటెండలోనే గండం. ఉదయం ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటే, అర్ధరాత్రి పన్నెండున్నరకు ఒక గంట దీపాలు వేసి మేత అందించడం కూడా మంచిదే.

వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం రెండు గంటలకు షెడ్డు చివరి నిపుల్ (కోడి పొడిస్తే నీళ్లు వచ్చే గొట్టపు మొన) కింద అరచేయి పెట్టి చూడండి. నేను వెళ్లిన ఒక షెడ్డులో ట్యాంకు ఎండలో, గొట్టం రేకుల కిందే ఉండగా, చివరి పంజరాల్లోని పెట్టలు నిపుల్ పొడిచి, తల విదిల్చి వెనక్కి తగ్గుతున్నాయి. ఆ నీళ్లు చేతికి చురుక్కుమన్నాయి. నీళ్లు తాగని కోడి మేత ముట్టదు. ట్యాంకుకు తడి గోనెలు చుట్టి, మధ్యాహ్నం రెండు మూడుసార్లు గొట్టంలోని నీళ్లు వదిలేయండి. రేకులకు సున్నం కొట్టి పైన కొబ్బరి మట్టలు పరవండి. ఫాగర్ల (నీటిని మంచులా చిమ్మే పరికరాల) విషయంలో మాత్రం తెలంగాణ రైతులను చూసి అనుకరించవద్దు. అక్కడి పొడిగాలిలో నీటి తుంపర ఇట్టే ఆవిరై చల్లబరుస్తుంది, కానీ మీ వైపు ఉక్కపోతలో ఫ్యాన్లు లేకుండా ఫాగర్లు వేస్తే తేమ పెరిగి కోడి మరింత అవస్థ పడుతుంది.

వయసు పెరిగేకొద్దీ గుడ్డు పెద్దదై అంతే పెంకు పలచగా పరుచుకోవడం సహజం, కనుక పగుళ్లు పూర్తిగా పోతాయని ఆశించవద్దు. తోలుగుడ్లు ఒక్కసారిగా పెరిగి, గుడ్ల సంఖ్య కూడా పడిపోతే అది ఎండ పని కాకపోవచ్చు. ఐ.బి. (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్), ఇ.డి.ఎస్. (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్) వంటి వైరస్ జబ్బులు కావచ్చు కాబట్టి రక్త నమూనాలు పరీక్షకు పంపండి.

ప్రశ్న: మా పెట్టలకు 15 వారాలు. రాత్రంతా దీపాలు వేస్తే త్వరగా గుడ్లకు వస్తాయంటున్నారు. నిజమేనా?
– కొత్త రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: త్వరగా వస్తాయి, కానీ చిన్న గుడ్లు పెడతాయి. ఒళ్లు నిండకముందే పెట్టడం మొదలైతే గుడ్డుసంచి బయటికి జారి, పక్క కోళ్లు దాన్ని పొడిచి చంపే ప్రమాదం ఉంది. ఎదిగే వయసులో వెలుతురు పెంచకూడదు, పెట్టే వయసులో తగ్గించకూడదు. వారం వారం ఒక వంద పెట్టలను తూచి, మీ జాతి పట్టికలోని బరువు వచ్చాకనే వెలుతురును వారానికి అరగంట చొప్పున పెంచుతూ రోజుకు 16 గంటల దగ్గర ఆపండి. కరెంటు పోతే లెక్క తప్పకుండా టైమరుకు ఇన్వర్టరు పెట్టుకోండి.