ఇంజిన్ బాగానే ఉంటే విమానం ఎందుకు కూలింది?

ప్రశ్న: నమస్తే అండీ. పార్సిళ్లు మోసే చిన్న విమానం ఒకటి రాత్రిపూట వానలో కూలిపోయి అందులో ఉన్న ఒక్క పైలట్ చనిపోయాడని వార్తల్లో చూశా. ఇంజిన్‌లో లోపం లేదంట, ఆయనకి బోలెడు అనుభవం ఉందంట, మరి తిన్నగా నేలకేసి ఎలా పోనిస్తాడండీ? నిద్రపోయి ఉంటాడా? బ్లాక్ బాక్స్ ఊసు కూడా ఎవరూ ఎత్తట్లేదేంటి?

జవాబు: నిద్రే అక్కర్లేదండీ, కళ్లు పత్తికాయల్లా తెరుచుకుని కూర్చున్నా ఇలా జరుగుతుంది. తిరిగే కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని ఎవరినైనా ఒకే వేగంతో మెల్లగా తిప్పమనండి. కాసేపటికి కుర్చీ ఆగిపోయినట్టు అనిపిస్తుంది, నిజంగా ఆపితేనేమో ఎదురువైపుకి తిరుగుతున్నట్టు ఉంటుంది. లోపలి చెవిలో ఉండే ద్రవం చేసే మాయ ఇది. మబ్బులో, చీకట్లో విమానం ఓ పక్కకి ఒరిగి మెల్లగా తిరుగుతున్నా పైలట్‌కి తిన్నగా పోతున్నట్టే ఉంటుంది, మీటర్ చూసి సరిచేస్తే ఒళ్లేమో ఇప్పుడే ఒరిగాం అంటుంది, ఒంటి మాట విన్నాడా అయిపోయినట్టే. 1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు మీటర్లు చూసి నడపడం రాని 20 మందితో పరీక్ష చేస్తే సగటున 178 సెకన్లలో అదుపు తప్పింది. మూడు నిమిషాలు కూడా కాదు! ట్రైనింగ్ ఉన్నవాళ్లు మీటర్లనే నమ్ముతారు, నిజమే, కానీ పక్కన కోపైలట్ లేకుండా రేడియో, మ్యాపు, వాతావరణం అన్నీ ఒక్కడే చూసుకోవాలి కదా.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు, రెక్కల మీద పేరుకునే మంచు. మబ్బుల్లో సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటిబొట్లు ఉంటాయి, రెక్క తగిలిందా గడ్డకట్టేస్తాయి. బరువు పెరగడం కంటే రెక్క ఆకారం చెడిపోవడమే పెద్ద ప్రమాదం, గరుకు కాగితమంత పొర చాలు, రెక్క ఎత్తే శక్తి 30 శాతం దాకా పడిపోవచ్చు. ఆటోపైలట్ ఆన్‌లో ఉంటే ఇంకా మోసం, ఎత్తు తగ్గకుండా ముక్కు కొంచెం కొంచెం పైకెత్తుతూ నెట్టుకొస్తుంది, ఇక తనవల్ల కాదన్నప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పటికి పైలట్‌కి మిగిలేది కొన్ని సెకన్లే. ఇవేవీ చూడకుండా ‘పైలట్ తప్పిదం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకైతే నచ్చదు, ఆ వాతావరణంలో ఆయన్ని ఎవరు బయల్దేరమన్నారో కూడా అడగాలిగా.

బ్లాక్ బాక్స్ అంటారా, ఇంత చిన్న విమానాల్లో చాలావాటికి అది తప్పనిసరి కాదు. అందుకే దర్యాప్తు చేసేవాళ్లు శకలాల్నే చదువుకుంటారు. ప్రొపెల్లర్ రెక్కలు ఎలా వంగాయో చూస్తే నేలని తాకేటప్పుడు ఇంజిన్ లాగుతోందో లేదో తెలుస్తుంది. పాత రకం ప్యానెల్ అయితే వార్నింగ్ లైట్ల బుల్బుల్ని కూడా ఒక్కొక్కటి తీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. వెలుగుతున్న బుల్బులో తీగ వేడికి మెత్తబడి ఉంటుంది కాబట్టి ఆ దెబ్బకి స్ప్రింగులా సాగిపోతుంది, ఆరిపోయి ఉన్నదైతే సాగదు, తెగితే పుటుక్కున తెగుతుంది. అలా కూలేటప్పుడు ఏ లైటు వెలుగుతోందో తెలుస్తుంది.