యూరప్ వద్దన్న నాయకుణ్ణి 2016లో ఒక అమ్మగా నేనడిగిన రెండు ప్రశ్నలు

మీ ప్రశ్న: "మా అక్క వాళ్లు యూకేలో ఉంటారు, ఇద్దరు పిల్లలు. నైజెల్ ఫరాజ్ లాంటి నాయకులు ఆన్‌లైన్‌లో తల్లిదండ్రుల ప్రశ్నలకి జవాబులిస్తుంటారు కదా, వాటిని ఎంతవరకు నమ్మొచ్చు? అవకాశం వస్తే ఏం అడగాలి?"

నేను ఒకసారి అడిగానండి. ఫరాజ్‌ని కాదు, ఆయన వైపే, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చేయాలి అని తిరిగే మా ఏరియా నాయకుణ్ణి, పేరు అనవసరం. ఆ జవాబు నమ్మి ఓటు కూడా వేశాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

2016లో మేం స్లౌలో ఉండేవాళ్లం, లండన్‌కి పడమర, హీత్రో పక్కన. మా ఆయన 2012లో టయర్ 2 వీసా (అప్పటి ఉద్యోగ వీసా) మీద వచ్చారు, నేను పాపని తీసుకుని 2013లో ఖమ్మం నుంచి వచ్చా. 2016 సెప్టెంబర్‌లో పాప రిసెప్షన్ క్లాసులో, అంటే ఇక్కడ స్కూల్ మొదటి ఏడులో, చేరాలి. ఇక్కడ జనవరి 15 లోపు కౌన్సిల్‌కి (మన మున్సిపాలిటీ లాంటిది) అప్లై చేయాలి, ఏప్రిల్‌లో ఏ స్కూల్ వచ్చిందో మెయిల్ వస్తుంది. మేం ఇంటి దగ్గరవి మూడు పెట్టాం, మూడూ రాలేదు, రెండున్నర మైళ్ల దూరంలో అసలు మేం రాయని స్కూల్ ఇచ్చారు. మాకు అప్పుడు కారు లేదు. ఆ మెయిల్ చూసి కిచెన్‌లో నిలబడి ఏడ్చాను, స్టవ్ మీద పప్పు అడుగంటి మాడు వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఇంకో భయం కూడా అదే నెలలో మొదలైంది. 2016 ఏప్రిల్ 6 నుంచి టయర్ 2 వాళ్లకి ఐదేళ్ల తర్వాత ఐఎల్ఆర్, అంటే ఇక్కడే ఎప్పటికీ ఉండే హక్కు, మనవాళ్లు పీఆర్ అంటాం కదా అది, రావాలంటే జీతం 35,000 పౌండ్లు ఉండాలని రూల్ వచ్చింది (కొన్ని ఉద్యోగాలకి మినహాయింపు ఉండేది). మా ఆయన జీతం అప్పటికి అంత లేదు, ఆయన ఉద్యోగం ఆ మినహాయింపులోకి వస్తుందో రాదో ఒక్కొక్కళ్లూ ఒక్కోలా చెప్పేవాళ్లు.

అదే టైములో యూకే యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా బయటికి రావాలా అని జనం ఓటేసి తేల్చే రెఫరెండం ప్రచారం. చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. అప్పటికి మాకు బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేదు, వీసా మీదే ఉన్నాం, అయినా కామన్‌వెల్త్ దేశం వాళ్లం కాబట్టి ఇక్కడ ఓటు ఉంది. మా పక్క వీధిలో ఉండే పోలండ్ ఆవిడకి, పదేళ్లుగా ఇక్కడే పనిచేస్తూ పన్ను కడుతున్నా, ఆ రెఫరెండంలో ఓటు లేదు. (యూరప్ వాళ్లలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకి మాత్రం ఉండింది.) అంటే ఆవిడ జీవితం ఏమవ్వాలో తేల్చే కాగితం మీద గుర్తు పెట్టేది నేను, ఆవిడ కాదు. ఆ విషయం అప్పుడు నా బుర్రకి తట్టనే లేదు.

సరే, ఆ నాయకుడు ఒక సాయంత్రం గంటసేపు ఆన్‌లైన్‌లో పేరెంట్స్ ప్రశ్నలకి జవాబులిస్తా అన్నాడు. పాపని పడుకోబెట్టి ఫోన్‌లో టైప్ చేశా, రెండు ప్రశ్నలు. ఒకటి, మా ఇంటి దగ్గర స్కూళ్లలో సీట్లు ఎందుకు లేవు. రెండు, ఈ 35,000 రూల్ వల్ల మేం పాపని సగం చదువులో తీసుకుని వెళ్లిపోవాలా. వచ్చింది నాలుగైదు లైన్ల జవాబే. స్కూల్ సీట్లు లేకపోవడానికి కారణం యూరప్ నుంచి అడ్డూ అదుపూ లేకుండా వస్తున్న జనం అన్నాడు. యూరప్ వాళ్లని ఆపలేక ప్రభుత్వం మీలాంటి కామన్‌వెల్త్ వాళ్ల గొంతు నొక్కుతోంది, బయటికొస్తే అందరికీ ఒకటే తూకం అన్నాడు. నన్ను పేరుతో పలకరించి పాపకి మంచి జరగాలని కూడా రాశాడు. ఎంత హాయిగా అనిపించిందో! మూడేళ్లలో ఈ దేశంలో ఒక నాయకుడు నాకు నేరుగా సమాధానం చెప్పడం అదే మొదటిసారి.

ఇదేదో ఆయన ఒక్కడి మాట కాదు. 2015 ఎన్నికల ముందు ఫరాజ్ కూడా తూర్పు యూరప్ వాళ్ల కంటే ఇండియా, ఆస్ట్రేలియా నుంచి వచ్చేవాళ్లంటేనే తనకి కాస్త మొగ్గు అని, భాష తెలుసు, చట్టం తెలుసు అని చెప్పాడు. రెఫరెండం అప్పుడు మంత్రిగా ఉన్న ప్రీతి పటేల్ కర్రీ రెస్టారెంట్లకి ఇండియా, బంగ్లాదేశ్ నుంచి వంటవాళ్లు దొరకట్లేదు, బయటికొస్తే దొరుకుతారు అని ప్రచారం చేసింది. మన ఇళ్లల్లో, గుడి దగ్గర, బర్త్‌డే పార్టీల్లో ఇదే మాట. ఫరాజ్ 1999 నుంచి 2020 దాకా సౌత్ ఈస్ట్ ఇంగ్లండ్‌కి యూరప్ పార్లమెంట్ సభ్యుడు, మా స్లౌ కూడా అందులోదే, కాబట్టి మాకు ఆయన ఎక్కడో టీవీలో కనపడే మనిషి కూడా కాదు. (తల్లుల విషయంలో ఆయన 2014లో అన్న మాటలు మాత్రం నాకు అప్పుడే గుచ్చుకున్నాయి. పిల్లల కోసం రెండు మూడేళ్లు ఆగి తిరిగొచ్చిన ఆడమనిషి లండన్ ఫైనాన్స్ కంపెనీలకి మునుపటంత విలువ చేయదు అన్నాడు. ఒక హోటల్లో పాలిచ్చే తల్లి గొడవ వస్తే మూల కూర్చోమని హోటల్ వాళ్లు చెప్పొచ్చు కదా అన్నట్టు మాట్లాడాడు. నేను అప్పుడు సరిగ్గా గ్యాప్ తర్వాత ఉద్యోగాలు వెతుక్కుంటున్నా.)

జూన్ 23న వెళ్లి లీవ్‌కి, అంటే బయటికి రావాలన్న వైపుకి, వేశాను. స్లౌలో లీవ్‌కి 54 శాతం పైన వచ్చింది, దేశం మొత్తం మీద 51.9.

మర్నాడు శుక్రవారం. పాప నర్సరీకీ, ఆ పోలండ్ ఆవిడ పాప నర్సరీకీ ఒకటే గేటు. రోజూ ఆవిడే ముందు నవ్వేది, చలికి నా పాప జాకెట్ జిప్ ఊడిపోయి ఉంటే వంగి పెట్టేది. ఆ రోజు గేటు దగ్గర నిలబడి చేతిలో వాళ్ల అమ్మాయి లంచ్ బాక్స్ పట్టుకుని దాని మూత తీస్తోంది, వేస్తోంది, తీస్తోంది, వేస్తోంది. నన్ను చూసి "మమ్మల్ని పంపేస్తారా?" అని అడిగింది. లేదు లేదు అన్నా. నేను ఎవరికి వేశానో చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత నిదానంగా చదువుకున్నా, ఒక్కో విషయం. స్కూల్ సీట్ల సంగతి చూస్తే, 2012లో ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 7 లక్షల 30 వేల మంది పిల్లలు పుట్టారు, 1972 తర్వాత ఇదే ఎక్కువ. మా పాప బ్యాచ్ అదే. అందులో నాలుగింట ఒక వంతు పిల్లల తల్లులు బయటి దేశాల్లో పుట్టినవాళ్లు, నిజమే, కానీ వాళ్లలో పోలండ్ వాళ్లతో పాటు ఇండియా, పాకిస్తాన్ వాళ్లూ ఉన్నారు. అంటే ఆ జవాబులో "జనం ఎక్కువయ్యారు" అన్న జనంలో నేనూ ఒకదాన్ని, అది ఆయన చెప్పలేదు, నేను గమనించలేదు. పైగా ఏ ఏడు పుట్టిన పిల్లలు ఏ ఏడు స్కూల్‌కి వస్తారో నాలుగేళ్ల ముందే తెలుస్తుంది కదా. ఏ వీధిలో ఎన్ని క్లాసులు పెంచాలి అన్నది యూరోపియన్ యూనియన్ ఆఫీసులుండే బ్రసెల్స్‌లో ఎవరూ నిర్ణయించరు, ఆ పని ఇక్కడి ప్రభుత్వానిదీ, ఇక్కడి కౌన్సిల్‌దీ.

రెండో ప్రశ్న ఇంకా ఘోరం. మన మీద పడ్డ రూల్స్‌లో ఒక్కటి కూడా యూరప్ పెట్టింది కాదు. చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే వీసా 2012లో తీసేసింది లండన్, అంటే ఇక్కడి ప్రభుత్వం. 35,000 రూల్ పెట్టింది లండన్. భార్యాభర్తల వీసాకి 18,600 పౌండ్ల ఆదాయం అన్నదీ, 2015లో వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ఆరోగ్య సేవల కోసం ముందే కట్టే డబ్బు) మొదలుపెట్టిందీ లండనే. యూరప్ వాళ్ల రాకపోకలు మాత్రమే యూనియన్ చేతిలో ఉండేవి, మన వీసా ఎప్పుడూ ఇక్కడి హోం ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) చేతిలోదే.

న్యాయంగా చెప్పాలంటే ఆయన అన్నది కొన్నాళ్లు నిజమైంది కూడా. 2021 జనవరి 1 నుంచి యూరప్ వాళ్లకీ మనకీ ఒకే పాయింట్ల సిస్టమ్ వచ్చింది, ఉద్యోగ వీసాకి ఉండాల్సిన జీతం లిమిట్ 25,600 పౌండ్లకి దిగింది, 2021 జూలైలో స్టూడెంట్స్‌కి రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా తిరిగొచ్చింది. మన తెలుగు పిల్లలు ఎంతమంది వచ్చారో మీకు తెలుసు, మా తమ్ముడు కూడా 2022లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద పెళ్లాన్నీ బాబునీ తీసుకుని వచ్చాడు. నేను నా ఓటు తప్పు కాలేదేమో అని మనసు సర్దిచెప్పుకున్నా.

2024 వచ్చేసరికి ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అయింది. ఆ జనవరి నుంచి కొత్తగా చేరే మాస్టర్స్ స్టూడెంట్స్ (రీసెర్చ్ కోర్సులవాళ్లు తప్ప) భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి లేదు, మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లకీ లేదు, ఏప్రిల్ నుంచి స్కిల్డ్ వర్కర్ జీతం లిమిట్ 38,700కి పెరిగింది. మా పిన్ని కూతురు ఆ వేసవిలో కేర్ వర్కర్‌గా వచ్చింది, ఐదేళ్ల పిల్లాణ్ణి ఖమ్మంలో పిన్ని దగ్గర వదిలేసి. ఇక్కడ ఎవరివో ముసలివాళ్ల ఇళ్లల్లో రాత్రి డ్యూటీ చేసి, పొద్దున బస్టాప్‌లో నిలబడి వీడియో కాల్‌లో కొడుకుకి అన్నం కలిపి పెట్టమని వాళ్లమ్మకి చెప్తుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, మీ అక్కగారికి పనికొచ్చేది. 2025 సెప్టెంబర్ 22న ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే ఒక ప్రకటన చేసింది. వాళ్లు అధికారంలోకి వస్తే ఐఎల్ఆర్ అనేదే ఉండదట, ఆల్రెడీ వచ్చినవాళ్లు కూడా ఐదేళ్లకోసారి వీసాకి అప్లై చేసుకోవాలట, ఎక్కువ జీతం చూపించాలట. మరి యూరప్ వాళ్లు? సెటిల్డ్ స్టేటస్ (యూకే బయటికొచ్చాక ముందునుంచీ ఉన్న యూరప్ వాళ్లకి ఇచ్చినది) ఉన్న యూరప్ వాళ్ల ఉండే హక్కు జోలికి పోము అన్నారు, ఎందుకంటే అది యూనియన్‌తో రాసుకున్న ఒప్పందంలో ఉంది.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయా. గేటు దగ్గర "మమ్మల్ని పంపేస్తారా" అని అడిగిన ఆవిడకి 2019లో ఫోన్ యాప్‌లో, ఒక్క పౌండ్ కట్టకుండా, ఉండే హక్కు వచ్చింది. రావాల్సిందే, నాకు సంతోషమే. 2018లో మేం ముగ్గురం ఐఎల్ఆర్‌కి మనిషికి 2,389 చొప్పున 7,167 పౌండ్లు కట్టాం. ఎవరిని ఆపుతామని చెప్పి నా ఓటు అడిగారో వాళ్లకి కాగితం మీద ఒప్పందం ఉంది. ఎవరికి మేలు చేస్తామని చెప్పారో, ఆ మా దగ్గర నాలుగు లైన్ల జవాబు ఒక్కటే ఉంది.

మేం తర్వాత పాస్‌పోర్ట్ తీసుకున్నాం కాబట్టి బయటపడ్డాం. మా తమ్ముడికి 2027లో ఐఎల్ఆర్ రావాలి. 2025లో రెండేళ్ల ఎక్స్‌టెన్షన్‌కి హెల్త్ సర్‌చార్జే ముగ్గురికి 5,692 పౌండ్లు అయింది, వీసా ఫీజు కాక. మళ్లీ లేబర్ ప్రభుత్వం 2025 మేలో ఐదేళ్లని పదేళ్లు చేస్తామని ప్రతిపాదన పెట్టింది, అంటే ఇదేదో ఒక్క ఫరాజ్ సంగతి కాదు, అందరూ అటే లాగుతున్నారు. మా మరదలు ఫోన్ చేసి "వదినా, బాబు ఇక్కడే సెకండరీ దాకా చదువుతాడా, లేక తెలుగు అక్షరాలు ఇప్పట్నించే నేర్పించమంటారా?" అని అడిగింది. నేర్పించు, ఎలాగైనా మంచిదే అన్నా, కానీ ఆ పిల్ల అడిగింది తెలుగు గురించి కాదు కదా.

కాబట్టి మీ అక్కగారికి చెప్పండి, "ఇమిగ్రేషన్ మీద మీ అభిప్రాయం ఏంటి" అని అడగొద్దు, దానికి ఎప్పుడూ మంచి జవాబే వస్తుంది. ఇలా అడగమనండి: "నేను ఫలానా నెలలో ఫలానా వీసా మీద వచ్చాను, నా పిల్లలు ఫలానా క్లాసులో ఉన్నారు. మీరు తెచ్చే రూల్ నాకు వర్తిస్తుందా, లేక ఆ తేదీ తర్వాత వచ్చేవాళ్లకేనా? ఇక్కడే పుట్టిన నా రెండో బిడ్డ సంగతేంటి? అది మీ మేనిఫెస్టోలో ఏ పేజీలో రాశారు?" పిల్లల డబ్బుల గురించి మాట వస్తే అది వీసా మీద ఉన్నవాళ్లకి వస్తుందా అని కూడా అడగమనండి. 2025 మేలో ఫరాజ్ ఇద్దరు పిల్లల లిమిట్ (యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయంలో మూడో బిడ్డ నుంచి డబ్బు ఇవ్వని రూల్) తీసేస్తా అన్నప్పుడు మా తమ్ముడు వాళ్లు సంబరపడ్డారు, కానీ మన వీసాల మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం డబ్బులు) లేవు అని ముందే రాసి ఉంటుంది, నా పాత బీఆర్‌పీ (వీసా వివరాలుండే కార్డు) మీద కూడా ఉంది ఆ లైను, అంటే ఆ యూనివర్సల్ క్రెడిటూ రాదు, చైల్డ్ బెనిఫిటూ రాదు.

కారణం ఎవరో చెప్తే ఆగిపోకుండా, ఆ పని చేయాల్సిన ఆఫీస్ ఏది అని ఇంకో ప్రశ్న వేయమనండి. 2016లో నేను ఆ ఇంకో ప్రశ్న వేయలేదు. గంట అయిపోయింది, ఆయన అందరికీ గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోయాడు, నేను ఆ జవాబు స్క్రీన్‌షాట్ తీసి మా ఆయనకి పంపాను.

మీ అక్క వాళ్లు ఏ వీసా మీద ఏ నెలలో వచ్చారో, పిల్లలు ఎక్కడ పుట్టారో కింద రాయండి. ప్రశ్న తేదీలతో సహా ఇంగ్లీషులో నేను రాసిస్తాను, ఆవిడ కాపీ చేసి పెట్టేసుకోవచ్చు.