అద్భుతం పక్కన పెట్టి రాగం గురించి రాయి

అమ్మాయీ,

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి చిన్నతనం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేరాలోనే సరస్వతి ఆయన నాలుక మీద నాట్యమాడింది. రెండో పేజీలో పూర్వజన్మ సుకృతం, మూడో పేజీలో దైవదత్తం. ఇక ఆ పిల్లవాడు చేయడానికి ఏం మిగిలింది?

1930లో శంకరగుప్తంలో పుట్టడం, పసితనంలోనే తల్లి పోవడం, తండ్రి పెంపకం, ఎనిమిదో ఏట విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ, ఇవన్నీ సరిగ్గానే రాశావు. ఆ తర్వాత, పద్నాలుగు పదిహేనేళ్ల ప్రాయంలో 72 మేళకర్తల్లోనూ, అంటే మిగతా రాగాలకు మూలమైన జనక రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టడం గురించి చెబుతూ, "అంతకుముందు ఎవరూ తలపెట్టని పని" అన్నావు. ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే.

తలపెట్టారమ్మా. కోటీశ్వర అయ్యర్ తమిళంలో 72 మేళాల్లోనూ కృతులు రచించారు. ఆయనకంటే ముందే మహా వైద్యనాథ అయ్యర్ ఆ రాగాలన్నిటినీ ఒకే రచనలో గుచ్చి 72 మేళరాగమాలిక కూర్చారు. ఆ వైద్యనాథ అయ్యర్ ఎవరి శిష్యుడు? త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్న మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యుడు. సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారికీ ఆయనే గురువు. శాస్త్రి గారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి దగ్గర ఈ పిల్లవాడు. గురువుల వరసలో చూస్తే వైద్యనాథ అయ్యర్ ఇతనికి తాతగారు! ఈ సంగతి రాస్తే నీ కథానాయకుడి ఘనత తగ్గదు. ఎలాంటి ఇంట్లో నిలబడి, ఎంత పెద్ద పనికి చెయ్యి చాచాడో అప్పుడే తెలుస్తుంది.

ఇక అసలు కష్టం. 72లో మొదటి మేళం కనకాంగి పాడి చూశావా? షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ గాంధారం మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ గాంధారం కూర్చునే చోటు మామూలుగా చతుశ్రుతి రిషభమనే ఇంకో రిషభానిది. పైన ధైవత నిషాదాల సంగతీ ఇంతే. 72లో 40 మేళాలు ఇలా ఒకదానితో ఒకటి పొసగని వివాది స్వరాలున్నవే. దోషమని వాటి జోలికి పోని విద్వాంసులు ఎందరో. అంత ఇరుకులో, మీసాలు కూడా రాని కుర్రవాడు పల్లవి ఎక్కడ ఎత్తుకున్నాడు? గాంధారం మీద ఎంతసేపు నిలిచాడు? సాహిత్యాన్ని ఏ స్వరం దగ్గర విరిచాడు? నీ వ్యాసం మొత్తంలో ఒక్క రాగం పేరు లేదు!

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక నాదస్వర విద్వాంసుడి మీద వారపత్రికకు వ్యాసం ఇచ్చాను. ఆయన పక్కనే కూర్చుని, నాదస్వరం పీక ఎలా సరిచూసుకుంటారో, ఊపిరి ఎక్కడ దాచుకుంటారో చూసి రాసింది. సంపాదకుడు అవన్నీ కొట్టేశాడు. పాఠకులకు రాగాలు అక్కర్లేదు, కన్నీళ్లు కావాలన్నాడు. అచ్చులో ఆయన పేదరికం ఒక్కటే మిగిలింది. ఆయన పత్రిక చదివి, మడిచి పక్కన పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పుడా జాడ్యం ఇంకా ముదిరింది. పదేళ్ల పిల్ల వర్ణం పాడితే చాలు, చిచ్చరపిడుగు అని శీర్షిక పెట్టేస్తున్నారు. ఆ పిల్లకు పాఠం చెప్పినవారి పేరు చివరి వాక్యంలో కూడా ఉండదు. నువ్వు ఆ గుంపులో కలవకు.

ఈ వ్యాసాన్ని పుస్తకంగా త్వరగా తేవచ్చా అని అడిగావు. బాలమురళి గారి ఆ 72 మేళాల కృతులు "జనక రాగ కృతి మంజరి"గా వెలువడింది 1952లో. అప్పటికి ఆయనకు ఇరవై దాటాయి. నీకు తొందరెందుకు?

ఆయన వాయించిన వయోలా మీద రాసిన పేరా మాత్రం కదపకు. అది విని రాసినట్టుంది. మిగతా వ్యాసానికి ఒకే ఒక్క మేళం ఎంచుకో. పాడగలిగినవారి దగ్గర కూర్చుని ఆరోహణ, అవరోహణ నీ గొంతులో పలికేదాకా పాడించుకో. ఆయన ఆ రాగంలో కట్టిన కృతి సంపాదించి, చరణం దాకా స్వరం రాసుకో. అప్పుడు మొదటి పేజీ మళ్లీ మొదలుపెట్టు. ఎన్నాళ్లు పట్టినా సరే, పూర్తయ్యాక నాకే ముందు పంపు.