ఇంట్లో కనిపిస్తే ఖాళీగా ఉన్నట్టేనా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మాది విజయవాడ. ఇంటర్ అయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల డిగ్రీలో చేరలేదు. బీసెంట్ రోడ్డులో ఒక చీరల షోరూమ్‌లో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పనిచేస్తాను. జీతం 9,000. అందులో 6,000 ఇంట్లో ఇస్తాను. ఆన్‌లైన్‌లో ఫ్యాషన్ మార్కెటింగ్ డిగ్రీ చేయాలని ఉంది. ఒక సంస్థవాళ్లు విదేశీ యూనివర్సిటీ డిగ్రీ అని, ఫీజు 1,80,000 రూపాయలు నెలకు 5,000 చొప్పున మూడేళ్లు కట్టొచ్చని రోజూ ఫోన్ చేస్తున్నారు. నాన్న వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. ‘చీరలమ్మడానికి డిగ్రీ ఎందుకు? నేనేం చదివానని అమ్ముతున్నాను?’ అంటారు. ఏదైనా క్లాసు విందామని ఫోన్ పట్టుకుని కూర్చుంటే అమ్మ వెంటనే ఒక పని చెబుతుంది. మరోపక్క సంబంధాలు చూస్తున్నారు. చేరమంటారా? ఉద్యోగం మానేయాలా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఉద్యోగం మానకండి. ఆ సంస్థలో మాత్రం ఇప్పుడే చేరకండి.

ముందు డబ్బు సంగతి. ఇంట్లో ఇచ్చింది పోగా మీ చేతిలో మిగిలేది 3,000. వాళ్లు అడిగేది 5,000. ఇలాంటి వాయిదాలు చాలాసార్లు ఫీజు కిస్తీలు కావు, మీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. చదువు మధ్యలో ఆపినా అప్పు ఆగదు. మీకు ఫోన్ చేసే ఆయన ‘కౌన్సెలర్’నని చెప్పుకుంటూ ఉండొచ్చు. ‘ఈ రంగులో ఇదొక్కటే పీసండీ’ అనే మాట కౌంటర్ దగ్గర ఎప్పుడు, ఎందుకు వాడతారో మీకు నేను చెప్పాలా? ‘సీట్లు రేపటితో అయిపోతాయి’ అన్నది కూడా ఆ మాటే.

విదేశీ డిగ్రీ అన్నారు కాబట్టి ఇంకొంచెం జాగ్రత్త. అనుమతి లేని విదేశీ యూనివర్సిటీలతో కలిసి కొన్ని ఎడ్‌టెక్ కంపెనీలు, అంటే ఆన్‌లైన్‌లో చదువులమ్మే కంపెనీలు, ఇస్తున్న ఆన్‌లైన్ డిగ్రీలకు గుర్తింపు లేదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2023 డిసెంబరులోనే హెచ్చరించింది. మన దేశంలో ఆన్‌లైన్ డిగ్రీ చెల్లాలంటే ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, మీరు చేరే విద్యా సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) అనుమతి ఉండాలి. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీరు చేరేటప్పుడు డెబ్ ఐడీ అనే నంబరు సృష్టించుకోవాలి, దానికి ఏబీసీ ఐడీ, అంటే మీ చదువు క్రెడిట్లు జమయ్యే ప్రభుత్వ ఖాతా నంబరు, కావాలి. ఈ రెండూ అడగకుండా ‘ఆధార్ పంపండి, మిగతావి మేం చూసుకుంటాం’ అన్నారంటే ఫోన్ పెట్టేయండి. అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీని రెగ్యులర్ డిగ్రీతో సమానంగా చూడాలని యూజీసీ 2022లోనే స్పష్టం చేసింది. ‘ఫోన్లో చదివిందీ ఒక డిగ్రీయేనా’ అని చుట్టాలెవరైనా అంటే ఈ మాట చెప్పండి.

అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీల్లో ఎక్కువగా దొరికేవి బీబీఏ, బీకాం, బీఏ. సర్టిఫికెట్ మీద ‘ఫ్యాషన్ మార్కెటింగ్’ అనే పేరే ఉండాలని పట్టుబట్టొద్దు. మార్కెటింగ్ పేపర్లున్న బీబీఏ చేసి, ఫ్యాషన్ సంగతి విడిగా చిన్న కోర్సుతో నేర్చుకోవచ్చు. పైగా ఫ్యాషన్ మార్కెటింగ్‌లో చెప్పేదేమిటి? ఏ సీజన్‌కు ఏ సరుకు తెప్పించాలి, ఎంత ధర పెట్టాలి, అమ్ముడుపోనిది ఎప్పుడు తగ్గించాలి, ఎవరికి ఎలా చూపించాలి. మీరు రోజూ నిలబడే చోట జరిగేది ఇదే. ‘ఇది చేనేతా, పవర్‌లూమా?’ అని అడిగి, నిజాం అంచు మంగళగిరి చీరను రెండువైపులా తిప్పి చూసి, ‘ఆలోచించుకుని వస్తాం’ అంటూ వెళ్లిపోయిన అమ్మగారు ఎందుకు కొనలేదో మీకు తెలిసినంతగా పాఠం తయారుచేసినవాళ్లకు తెలియకపోవచ్చు. అందుకే ఉద్యోగం మానొద్దన్నాను.

ఇక నాన్నగారు. ఆయన మాటలో వెటకారం కంటే నొప్పి ఎక్కువ ఉందనిపిస్తోంది. ఇన్నేళ్ల తన అనుభవం దేనికీ పనికిరాదని కూతురే అంటున్నట్టు వినిపిస్తోంది ఆయనకు. వాదించకండి, అడగండి. చిల్లర కొట్లవాళ్లకు ఉద్దర ఎంతవరకు ఇస్తారు? ఎవరికి ఇవ్వకూడదో ఎలా పసిగడతారు? శ్రావణమాసం సరుకుకు ఆర్డరు ఎప్పుడు పెడతారు? మిగిలిపోయిన తానులు ఏం చేస్తారు? ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఆయన చూస్తుండగానే రాసుకోండి. రేపు అసైన్‌మెంట్లలో ఇవన్నీ పనికొస్తాయి. తన మాట కూతురు రాసుకోవడం చూసిన తండ్రి ‘చదువెందుకు’ అనడం తగ్గిస్తాడు. మానేస్తాడని హామీ ఇవ్వలేను గానీ తగ్గిస్తాడు.

మీ ఉత్తరంలో నాకు అసలు చిక్కుగా కనిపించింది మాత్రం అమ్మగారి సంగతే. మీరు ఇంట్లో కనిపిస్తున్నారు కాబట్టి ఖాళీగా ఉన్నట్టే ఆవిడ లెక్క. తప్పు ఆవిడది కాదు. ఫోన్లో క్లాసు వింటున్నా రీల్స్ చూస్తున్నా బయటికి ఒకేలా ఉంటుంది. లెక్క చూడండి: మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు. అంటే వారానికి 23 గంటలు, రోజుకు మూడు గంటల పైమాటే. కూరగాయలు తరుగుతూ, నీళ్లు పట్టుకుంటూ దొరికే సమయం కాదిది. అందుకే పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో ఉండకండి. ఠాగూర్ లైబ్రరీకో, లేకపోతే నిశ్శబ్దంగా ఉండే స్నేహితురాలి ఇంటికో వెళ్లండి. గడప దాటితే అది ‘పని’ అవుతుంది మన ఇళ్లలో. ఏం చేస్తాం! పదిలోపు ఏ పనులు చేస్తారో అమ్మకు ముందే చెప్పండి, చెప్పినవి చేసేసి బయల్దేరండి.

డబ్బు కట్టేముందు ఈ ఏర్పాటును పరీక్షించుకోండి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ ‘స్వయం’లో మార్కెటింగ్ మీద ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులుంటాయి. వినడం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటేనే ఫీజు. జనవరిలో, జులైలో మొదలవుతాయి. ఒక కోర్సు చివరిదాకా చేయగలిగితే డిగ్రీలో చేరండి. సగంలో ఆగిపోతే మీ ఫీజు డబ్బు మిగిలినట్టే, అప్పుడు టైమింగ్స్ మార్చుకుని మళ్లీ చూద్దాం.

ఒక చిక్కు ముందే చెబుతున్నాను. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో వస్తాయి. జూన్, జులై అంటే మీకు ఆషాఢం సేల్. డిసెంబరు దాటగానే సంక్రాంతి రద్దీ. మార్కుల్లో కనీసం 70 శాతం ఆ చివరి పరీక్షలదే. సేల్ బోర్డు కట్టిన రోజున వెళ్లి సెలవడిగితే ఏ మేనేజరైనా మండిపడతాడు. టైంటేబుల్ రాగానే చూపించి, పరీక్షల వారంలో మీ షిఫ్ట్ ఎవరు చేస్తారో, బదులుగా మీరు ఏ ఆదివారాలు చేస్తారో మాట్లాడి పెట్టుకోండి.

సంబంధాల సంగతి నాన్నగారితో విడిగా మాట్లాడండి, చదువు గొడవలో కలపొద్దు. చూడ్డానికి వచ్చేవాళ్లకు ‘ఉద్యోగం చేస్తోంది, డిగ్రీ చదువుతోంది, పెళ్లయ్యాకా చదువుతుంది’ అని మొదటి రోజే చెప్పమనండి. నాన్నగారు మొహమాటపడితే కాఫీ ఇచ్చేటప్పుడు మీరే చెప్పండి. అది విని లేచిపోయేవాళ్లెవరో పెళ్లికి ముందే తెలిసిపోతుంది.