రిఫ్ ముద్దగా వినిపిస్తోందా? ముందు తీగలు చూడండి

రికార్డ్ చేసిన మీ రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ పలుకు) ముద్దగా వస్తోందని, తప్పు ప్లగిన్‌ది (గిటార్ శబ్దాన్ని మలిచే సాఫ్ట్‌వేర్) ఏమోనని అడిగారు. అది ప్లగిన్ సమస్య కాదండి. 10-46 తీగలతోనే (అంగుళంలో వెయ్యో వంతుల్లో అన్నిటికన్నా సన్న, లావు తీగల మందం) డ్రాప్ సీకి (ఆరో తీగ సీ స్వరానికి దిగే శ్రుతి) దించానన్నారు కదా, ఆరో తీగ బాగా వదులైపోయి ఉంటుంది. గట్టిగా మీటగానే శ్రుతి పైకి జరిగి, తర్వాత కిందికి దిగుతుంది. రెండు గిటార్లు కలిస్తే అదే ముద్ద.

1. 11-56 లేదా 12-60 సెట్ వేయండి. వేశాక ఇంటొనేషన్ (మెడ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి సరిగా పలకడం) మళ్లీ సరిచేయాల్సిందే.

2. అందరూ వదిలేసేది ఇదే: ట్యూనర్ ముందు తీగను సుతారంగా మీటి, రికార్డింగ్‌లో బాదేస్తాం. పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగలకు ఆనించి మీటడం) ఎంత గట్టిగా కొడతారో అంతే గట్టిగా కొట్టి, ఆ మొదటి దెబ్బకే శ్రుతి చేయండి. ప్రతి టేక్‌కీ ముందు. విసుగే, కానీ తేడా వెంటనే తెలుస్తుంది.

3. గెయిన్ (డిస్టార్షన్, అంటే శబ్దంలోని గరగర, ఎంతో నిర్ణయించేది) మూడో వంతు తగ్గించండి.

4. రెండో గిటార్ మళ్లీ వాయించండి. కాపీ చేస్తే శబ్దం పెరుగుతుంది, వెడల్పు రాదు.

5. గిటార్లలో 80 హెర్ట్జ్ కింద ఉన్న మంద్ర శబ్దం కోసేయండి. ఆ చోటు బేస్ గిటార్‌ది.

మీరు పోల్చుకుంటున్న అమెరికన్ బ్యాండ్ కిల్‌స్విచ్ ఎంగేజ్ 2002 ఆల్బమ్ 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'కి ప్రొడ్యూసర్ వాళ్ల అప్పటి డ్రమ్మర్ ఆడమ్ డట్‌కీవిచ్, మిక్సింగ్ ఆండీ స్నీప్. మెటల్‌కోర్ (హెవీ మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిసిన సంగీతం) అనగానే జనం ఇప్పటికీ ఆ పేరెత్తుతారు. అందులో గిటార్ బరువంతా డిస్టార్షన్ అనుకుంటాం గానీ, సగం బేస్‌దే (ఇది నా చెవి మాట). హెడ్‌ఫోన్స్‌లో ఓసారి బేస్ మీదే దృష్టిపెట్టి వినండి.

తీగలు మార్చాక కూడా అలాగే ఉంటే, ఎఫెక్టులు లేని ఒక్క గిటార్ ట్రాక్ పెట్టండి, చూస్తాను.