పాలీయురేథేన్ రంగంలోకి వస్తే కోటింగ్స్, ఫిల్మ్, కార్పెట్ బ్యాకింగ్‌లలో ఏది ముందు నేర్చుకోవాలి?

పాలిమర్ కెమిస్ట్రీ పూర్తి చేశానని, పాలీయురేథేన్ ఆర్ అండ్ డీలో చేరబోతున్నానని, కోటింగ్స్, ఫిల్మ్, కార్పెట్ బ్యాకింగ్ టీముల్లో ఏది ఎంచుకుంటే మంచిదని అడిగారు. ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ కోటింగ్స్ అంటున్నాయి. నేను మూడింట్లోనూ పనిచేశాను, నా ఓటు కార్పెట్ బ్యాకింగ్‌కే. మురికి పని, చవక సరుకు అని దాన్ని చిన్నచూపు చూస్తారు కానీ, తేమతో ఎలా వేగాలో అక్కడ ఒంటపట్టినంతగా ఇంకెక్కడా పట్టదు. పాలీయురేథేన్ పనిలో సగం తేమతో పేచీయే.

ఎందుకో లెక్కతో చెప్తాను. ఐసోసయనేట్, పాలియోల్‌లో ఉండే హైడ్రాక్సిల్ గ్రూపులు కలిస్తేనే పాలీయురేథేన్ పుడుతుంది. కానీ ఐసోసయనేట్ పాలియోల్ కోసమే కాచుకుని కూర్చోదు, నీరు తగిలితే దానితోనూ కలిసిపోతుంది. కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అప్పుడు పుట్టిన అమీన్ ఇంకో ఐసోసయనేట్ గ్రూపుని తినేస్తుంది. అంటే ఒక్క నీటి అణువుకి రెండు గ్రూపులు పోయినట్టే, 18 గ్రాముల నీరు 84 గ్రాముల ఎన్‌సీఓని, అంటే ఐసోసయనేట్ గ్రూపుల్ని, మింగేస్తుంది. కార్పెట్ వెనక వేసే పూతలో పాలియోల్ కంటే ఫిల్లరే, అంటే నింపుడుగా వేసే ఖనిజ పొడే, ఎక్కువగా ఉండొచ్చు. 100 భాగాల పాలియోల్‌కి 200 భాగాల కాల్షియం కార్బొనేట్ వేశారనుకుందాం, ఆ ఫిల్లర్‌లో 0.2 శాతం తేమ ఉందనుకుందాం. అదే 0.4 భాగాల నీరు. ఈ రియాక్షన్‌లో నీటి ఈక్వివలెంట్ వెయిట్ (ఒక మోల్ ఐసోసయనేట్ గ్రూపులకి సరిపడే బరువు) 9 కాబట్టి దాదాపు 0.044 ఈక్వివలెంట్లు. హైడ్రాక్సిల్ నంబర్ (హైడ్రాక్సిల్ గ్రూపులు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) 56 ఉన్న పాలియోల్ 100 భాగాల్లో ఉండేదే 0.1 ఈక్వివలెంట్. పాలియోల్‌కి దక్కాల్సిన ఐసోసయనేట్‌లో సగానికి దగ్గరగా నీరు వాటా అడుగుతోందన్నమాట! టిన్ కేటలిస్ట్ ఉంటే మొగ్గు హైడ్రాక్సిల్ వైపు ఉంటుంది, నీరంతా రియాక్ట్ కాకపోవచ్చు, నిజమే. అయినా ఈ లెక్క ఒకసారి చేతితో వేసుకున్నవాళ్లు ఫిల్లర్ బస్తా మూతి తెరిచి వదిలేయరు.

ఒక లైన్ మీద జరిగింది చెప్తాను. అది నురగ కొట్టని గట్టి పూత. కార్పెట్‌ని బోర్లా నడిపిస్తూ, పాలియోల్, ఫిల్లర్ కలిపిన కాంపౌండ్‌లోకి ఎండీఐ అనే ఐసోసయనేట్, కేటలిస్ట్ కలిపి మీద పోసి, నైఫ్‌తో సమంగా లాగి ఒవెన్‌లోకి పంపుతారు. ల్యాబ్‌లో అంతా బ్రహ్మాండంగా వచ్చింది. లైన్ మీద మాత్రం పొద్దున్నే వచ్చే రోల్స్ వెనకవైపు సన్నసన్న పొక్కులు, వేలు ఆనిస్తే జిగట. మధ్యాహ్నం అయ్యేసరికి అదే ఫార్ములాతో, అదే మెషీన్ మీద, నున్నటి సరుకు వచ్చేది.

ప్రొడక్షన్ వాళ్లు ఐసోసయనేట్ లాట్ బాగాలేదన్నారు. పర్చేజ్ వాళ్లు సప్లయర్‌కి కంప్లయింట్ మెయిల్ కూడా పెట్టేశారు. ప్లాంట్ మేనేజర్ జిగట పోవాలంటే ఐసోసయనేట్ పాలు పెంచండి అన్నారు, పెంచారు. జిగట తగ్గింది కానీ పొక్కులు ఇంకా పెరిగాయి, పైగా పూత అట్టలా బిగిసిపోయి కార్పెట్ అంచులు పైకి లేవడం మొదలైంది. నాకు అప్పుడే అనుమానం గట్టిపడింది. జిగట అంటే జత దొరక్క మిగిలిపోయిన హైడ్రాక్సిల్, పొక్కు అంటే గ్యాస్. రెండూ ఒకే ముక్కలో కనిపిస్తే ముందు నీటిని వెతకాలి. ఎక్కువ పోసిన ఐసోసయనేట్ ఆ నీటితో కలిసి యూరియా అయింది, పూత బిగిసిపోవడానికి కారణం అదే.

ముందు ఐసోసయనేట్ డ్రమ్ములోంచి శాంపిల్ తీసి, అందులో ఎన్‌సీఓ ఎంత ఉందో చెప్పే డైబ్యూటైల్‌అమీన్ టైట్రేషన్ చేశాం. నీలం రంగు పసుపులోకి తిరిగే పాయింట్ ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది, సప్లయర్ తప్పేమీ లేదు. తర్వాత పొక్కుల ముక్కని బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దం కింద పెట్టాం. ఇక్కడ చూడాల్సింది బుడగలు ఎన్ని ఉన్నాయని కాదు, ఎక్కడ ఉన్నాయని. నూలు తడిగా ఉంటే బుడగలు టఫ్ట్‌ల (నూలు కుచ్చుల) మొదళ్ల చుట్టూ, ప్రైమరీ బ్యాకింగ్‌ని (ఆ కుచ్చులు కుట్టిన గుడ్డని) ఆనుకుని గుమిగూడతాయి. ఇక్కడేమో పూత మందమంతా పైనుంచి కిందిదాకా చల్లినట్టున్నాయి. అంటే నీరు కార్పెట్‌తో రాలేదు, కాంపౌండ్‌లోనే ఉంది. పట్టకారుతో ఒక్కో టఫ్ట్ పట్టుకుని లాగి చూశాం. మధ్యాహ్నం ముక్కలో నూలే తెగింది, పొద్దుటి ముక్కలో టఫ్ట్ మొదలంటా ఊడొచ్చింది, దాని చివర పూత మెత్తగా సాగుతూ వేలాడింది.

ఇక మిగిలింది కాంపౌండ్ ట్యాంకు. రాత్రి లైన్ నడవదు, కానీ ఫిల్లర్ అడుగున పేరుకోకూడదని అజిటేటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మూత సగం తెరిచే ఉంటుంది. వాన పడే రోజులవి. పాలీఈథర్ పాలియోల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, దాన్ని రాత్రంతా కలియబెడుతుంటే ఎప్పటికప్పుడు కొత్త పొర గాలికి తగులుతూనే ఉంటుంది. నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరికరం మీద పెడితే పొద్దుటి ట్యాంకు శాంపిల్‌లో నీరు తాజా బ్యాచ్‌లో కంటే చాలా ఎక్కువ వచ్చింది. మధ్యాహ్నానికి తాజా బ్యాచ్ ట్యాంకులోకి వచ్చేది కాబట్టి సరుకు దానంతటదే బాగుపడేది.

మూత బిగించి లోపలికి పొడి నైట్రోజన్ సన్నగా వదిలాం, ఫార్ములాలో 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్ పొడి కొంచెం చేర్చాం. దాని రంధ్రాల్లో నీటి అణువు పడుతుంది, పాలియోల్ పట్టదు, అందుకే అది నీటిని మాత్రమే దాచుకుంటుంది. ఐసోసయనేట్ పాలు మళ్లీ పాత చోటికి తెచ్చాం, పొద్దుటి రోల్స్ కూడా మధ్యాహ్నం వాటిలాగే రావడం మొదలైంది. సప్లయర్‌కి పెట్టిన మెయిల్‌ని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ అలవాటు పట్టుకుని మీరు ఫిల్మ్ వైపు వెళ్లండి, అక్కడా నీరే ఎదురొస్తుంది. టీపీయూ (థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్) గింజలు సరిగ్గా ఆరబెట్టకుండా ఎక్స్‌ట్రూడర్‌లో వేస్తే ఫిల్మ్‌లో బుడగలు కనిపిస్తాయి, అది కంటికి తెలిసే నష్టం. కంటికి తెలియనిది చెయిన్లు తెగి మాలిక్యులర్ వెయిట్ పడిపోవడం, ఫిల్మ్ చూడటానికి బాగానే ఉండి లాగితే చిరుగుతుంది. కోటింగ్స్‌లో మందంగా వేసిన టూ-ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) పూతలో పిన్‌హోల్స్‌కి చాలాసార్లు కారణం తేమే. అదే మాయిశ్చర్ క్యూర్ పూతల్లో గాలిలో తేమ లేకపోతే పూత ఆరనే ఆరదు! వాటర్‌బోర్న్ డిస్పర్షన్లలో అయితే ప్రీపాలిమర్‌ని (చివర్లలో ఐసోసయనేట్ గ్రూపులు మిగిలేలా సగంలో ఆపిన పాలిమర్‌ని) ఏకంగా నీళ్లలోకే దింపుతాం. నీటి కంటే డైఅమీన్ చాలా వేగంగా ఐసోసయనేట్‌ని అందుకుంటుంది కాబట్టి అక్కడ చెయిన్ పెంచగలుగుతున్నాం. ఇవన్నీ ఎవరు పందెంలో ముందు చేరతారన్న లెక్కలే, ఆ లెక్క బ్యాకింగ్ లైన్ మీద కళ్లారా చూస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

పనిలో పనిగా ఇంకో మాట. పసుపెక్కడం గురించి మార్కెట్లో చెప్పే మాటలు నమ్మకండి. టీడీఐ, ఎండీఐ లాంటి ఆరోమాటిక్ ఐసోసయనేట్లతో చేసిన పూత వెలుతురులో పసుపెక్కుతుంది. యూవీ స్టెబిలైజర్ ఎంత వేసినా దాన్ని వాయిదా వేయగలరు కానీ ఆపలేరు. రంగు నిలవాలంటే హెచ్‌డీఐ, ఐపీడీఐ లాంటి అలిఫాటిక్ వాటికి డబ్బు పెట్టాల్సిందే. కార్పెట్ వెనక వెలుతురు పడదు కాబట్టి అక్కడ ఎండీఐ చాలు. ఇంత సూటి విషయాన్ని బ్రోషర్లలో ఎందుకు తిప్పి తిప్పి రాస్తారో నాకు అర్థం కాదు.

ఇంటర్వ్యూల తీరు కూడా నాకు నచ్చదు. 1937లో లెవర్‌కుసెన్‌లో ఒట్టో బేయర్ ఏం కనిపెట్టాడు అని అడుగుతారు, అభ్యర్థి పాలీయురేథేన్ అని గడగడా చెప్పేస్తాడు. 6 శాతం ఎన్‌సీఓ ఉన్న ప్రీపాలిమర్ ఈక్వివలెంట్ వెయిట్ ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. ఎన్‌సీఓ గ్రూపు బరువు 42, శాతం కాబట్టి 100తో గుణిస్తే 4200, దాన్ని 6తో భాగిస్తే 700, ఈ పనిలో రోజూ వాడే లెక్క అది. మిమ్మల్ని అడగకపోయినా నేర్చుకుని వెళ్లండి.

మీరు అడగలేదు కానీ ఏ టీమ్ అయినా చేరేముందు కనుక్కోవాల్సింది ఇంకోటి ఉంది. ఐసోసయనేట్ ఆవిరి, తుంపరలు పీలిస్తే కొందరికి ఆస్తమా వస్తుంది. ఒకసారి శరీరం సెన్సిటైజ్ అయ్యాక అతి కొద్దిపాటి ఐసోసయనేట్‌కే ఆయాసం వస్తుంది, అలాంటివాళ్లు చాలామంది ఈ పనే మానేయాల్సి వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 0.1 శాతం కంటే ఎక్కువ మోనోమర్ డైఐసోసయనేట్ ఉన్న సరుకుని వృత్తిగా వాడేవాళ్లకి 2023 ఆగస్టు 24 నుంచి శిక్షణ తప్పనిసరి చేశారు. ఎండీఐకి ఆవిరి తక్కువ కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు, వేడి చేసినా స్ప్రే చేసినా అదీ గాలిలోకి వస్తుంది. ఒవెన్ దగ్గర ఎగ్జాస్ట్ ఉందా, చేరేటప్పుడూ తర్వాత ఏటేటా ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తారా అని హెచ్‌ఆర్‌ని అడగండి. నీళ్లు నమిలితే, జీతం ఎంత ఇస్తామన్నా అక్కడ చేరకండి.