చప్పట్లు కొడితే హరామా?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్ భాయ్. ఎండాకాలం సెలవుల్లో మా మసీదులోనే పిల్లలకు దీనియాత్ (మతబోధ) క్లాసులు పెట్టారు. చివరి రోజు జొహర్ (మధ్యాహ్నం నమాజు) తర్వాత అక్కడే బహుమతులిచ్చారు. మా పాపకు తొమ్మిదేళ్లు. ఖుర్ఆన్‌లోని సూరె (అధ్యాయం) యాసీన్ చూడకుండా చదివి ఫస్ట్ ప్రైజ్ తీసుకుంది. అందరం చప్పట్లు కొట్టాం. అంతలో ఒక పెద్దాయన లేచి "ఆపండి, ఇది హరామ్, మక్కా ముష్రిక్కుల (బహుదైవారాధకుల) పని" అని గట్టిగా కేకేశారు. తననే తిట్టారనుకుని పాప అక్కడే ఏడ్చేసింది. ఇప్పుడు స్కూల్లో కూడా చప్పట్లు కొట్టకూడదా అబ్బా (నాన్నా) అని రోజూ అడుగుతోంది. ఏం చెప్పను?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: వ అలైకుముస్సలామ్. ముందు పాపకు ఆ కేక తన మీద కాదని చెప్పండి, మిగతాదంతా తర్వాత. తొమ్మిదేళ్లకు యాసీన్ కంఠస్థం చేసిన పిల్లకు ఆ రోజు గుర్తుండాల్సింది ఏడుపు కాదు కదా.

పెద్దాయన గాల్లోంచి తీసి చెప్పిన మాటేం కాదు, ఆయన మనసులో ఉన్నది సూరె అన్‌ఫాల్ 35వ ఆయత్ (వాక్యం) అయ్యుంటుంది. కాబా దగ్గర వాళ్ల నమాజు ఈలలు వేయడం, చప్పట్లు కొట్టడం తప్ప మరేమీ కాదు అని అందులో ఉంది. మక్కాలోని ఖురైష్ తెగవాళ్లు ఒంటి మీద బట్టల్లేకుండా కాబా చుట్టూ తిరుగుతూ ఈలలు వేసేవారని, చప్పట్లు చరిచేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరణ. అంటే వాళ్లు ఆ చప్పుడునే ఇబాదత్ (ఆరాధన) అనుకున్నారు, అల్లాహ్ తప్పుపట్టింది దాన్ని. మీ సభలో ఎవరైనా చప్పట్లు కొడితే పుణ్యం వస్తుందనుకుని కొట్టారా? లేదు, పిల్ల బాగా చదివిందని సంతోషం పట్టలేక కొట్టారు. ఈ రెండూ ఒకటి కావు. ఆయత్ నిజమే, దాన్ని తెచ్చి పెట్టిన చోటు సరికాదు.

ఇంకో హదీసు (ప్రవక్త మాట) కూడా చెబుతుంటారు, "తస్బీహ్ (సుబ్‌హానల్లా అనడం) మగవాళ్లకు, చప్పట్లు ఆడవాళ్లకు" అని. బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాలు రెండింట్లోనూ ఉంది. కానీ ఆ ఒక్క ముక్కే చెప్పి వదిలేస్తారు, వెనకున్న సంగతి చెప్పరు. ప్రవక్త (స) బనూ అమ్ర్ బిన్ ఔఫ్ తెగవాళ్ల తగాదా తీర్చడానికి వెళ్లారు, ఆలస్యమైంది, నమాజు వేళయింది. హజ్రత్ బిలాల్ (రజి) అడిగితే హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇమామ్‌గా (నమాజు చేయించడానికి) నిలబడ్డారు. నమాజు మధ్యలో ప్రవక్త (స) వచ్చి సఫ్‌లు (వరుసలు) దాటుకుంటూ ముందు వరుసలో నిలబడ్డారు. వెనకున్నవాళ్లు ఇమామ్‌కు తెలియాలని చప్పట్లు మొదలుపెట్టారు. అబూబక్ర్ (రజి) నమాజులో ఉంటే అటూ ఇటూ చూసే మనిషి కాదు, చప్పుడు బాగా ఎక్కువయ్యాకే తిరిగి చూశారు. అక్కడే ఉండమని ప్రవక్త (స) సైగ చేసినా, ఆ మాటకు చేతులెత్తి అల్లాహ్‌ను స్తుతించి మెల్లగా వెనక్కి వచ్చేశారు. నమాజు అయ్యాక ప్రవక్త (స) అడిగారు, ఎందుకన్ని చప్పట్లు కొట్టారని. నమాజులో ఏదైనా జరిగితే సుబ్‌హానల్లా అనాలి, చప్పట్లు ఆడవాళ్లకు అని అప్పుడు చెప్పిన మాట ఇది. మాట వచ్చింది నమాజు లోపలి సంగతికి, బహుమతుల సభకు కాదు. (ఈ కథలో నాకు బాగా నచ్చేది అసలు చప్పట్ల సంగతి కాదు, వెనక్కి ఎందుకొచ్చావంటే "అబూ ఖుహాఫా కొడుకు (అంటే తనే) అల్లాహ్ ప్రవక్త ముందు నిలబడి నమాజు చేయించడమా" అని అబూబక్ర్ (రజి) అన్న జవాబు.)

ఉలమాల్లో (మత పండితుల్లో) అందరిదీ ఒకే మాట కాదు, దాచడమెందుకు. ఒకప్పుడు సౌదీ ముఫ్తీగా ఉన్న షేక్ ఇబ్నె బాజ్ సభల్లో చప్పట్లు జాహిలియ్యత్ (ఇస్లాంకు ముందటి అజ్ఞాన కాలం) పని అనీ, తక్కువలో తక్కువ మక్రూహ్ (హరామ్ కాకపోయినా ఇష్టపడని పని) అనీ అన్నారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ అనే షాఫయీ ధర్మశాస్త్ర సంప్రదాయపు పండితుడు మగవాళ్లు చప్పట్లు కొట్టడం తేలికతనమని గట్టిగానే విమర్శించారు. ఇబాదత్ కానప్పుడు అది అలవాటు సంగతి, అలవాట్లలో కాదని స్పష్టంగా నిషేధం లేకపోతే అభ్యంతరం లేదు అనేవాళ్లూ ఉన్నారు. నాకు ఈ చివరి మాటే సబబనిపిస్తుంది. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం 5 గంటలకు డాక్టర్ల కోసం దేశమంతా చప్పట్లు కొట్టింది గుర్తుందా, అప్పుడు నన్ను ఇదే అడిగిన వాళ్లకూ ఇదే చెప్పాను. స్కూల్లో తోటి పిల్లలకు ప్రైజ్ వస్తే మీ పాప నిక్షేపంగా చప్పట్లు కొట్టొచ్చు.

అయితే పెద్దాయన వైపు కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. మీ సభ జరిగింది ఫంక్షన్ హాల్లో కాదు, మసీదులో. జొహర్ అయిపోయినా ఒక మూల ఎవరో సున్నత్ నమాజు (ఫర్జ్‌కు అదనంగా చేసేది) చదువుకుంటూ ఉంటారు, ఇంకెవరో ఖుర్ఆన్ తెరిచి కూర్చుంటారు. అక్కడ వందమంది ఒక్కసారిగా చప్పట్లు కొడితే వాళ్ల గతేంటి? మసీదులో గొంతు పెంచి ఖుర్ఆన్ చదివినా పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా చూసుకోమన్నారు మనకు. హరామ్ అని ఆయన కేకేయడం తప్పే, పైగా అంత కేక కూడా మసీదులోనే కదా! కానీ అక్కడ చప్పట్లు మానుకుంటే మర్యాదగా ఉండేది.

మరి పిల్లల్ని ఎలా మెచ్చుకోవాలి అంటారా? సహాబాల (ప్రవక్త సహచరుల) అలవాటు ఒకటుంది. స్వర్గవాసుల్లో మీరు నాలుగో వంతు ఉంటారని ఆశిస్తున్నాను అని ప్రవక్త (స) అంటే వాళ్లు అల్లాహు అక్బర్ అన్నారు, మూడో వంతు అంటే మళ్లీ అన్నారు, సగం అంటే మళ్లీ. మన ఉర్దూ ముషాయిరాల్లో (కవి సమ్మేళనాల్లో) చూడండి, షేర్ (రెండు పాదాల కవిత) బాగుంటే వాహ్ వా అంటారు, ముకర్రర్ అని మళ్లీ చదివించుకుంటారు. కవికి అంతకంటే ఏం కావాలి. వచ్చే ఏడు మీ కమిటీవాళ్లు మైకులో ముందే "మసీదులో ఉన్నాం, మాషా అల్లా అందాం" అని చెబితే సరిపోతుంది, ఎవరూ లేచి అరవక్కర్లేదు.

ప్రశ్న: ఇంట్లో మా ఆయన ఇమామ్‌గా, నేను వెనక నిలబడి ఇషా (రాత్రి నమాజు) చదువుతాం. మొన్న ఆయన నాలుగు రకాతులు (నమాజులో ఒక్కో విడత) అయ్యాక కూర్చోకుండా ఐదో రకాతుకు లేచారు. నోరు తెరిచి చెప్పాలా వద్దా అని టెన్షన్ పడి ఊరుకున్నాను.
– ఒక సోదరి, కర్నూలు

జవాబు: ఆపా (అక్కా), పైన చెప్పిన హదీసు సరిగ్గా మీలాంటి సందర్భానికే. కుడి చేతి వేళ్లతో ఎడమ చేతి వెనక భాగం మీద ఒకటి రెండుసార్లు తట్టండి, ఆయనకు వినపడితే చాలు. సభలో కొట్టినట్టు రెండు అరచేతులూ కలిపి కొట్టక్కర్లేదు. ధర్మశాస్త్ర పండితుడు ఇమామ్ మాలిక్ అభిప్రాయం ప్రకారం ఆడవాళ్లూ సుబ్‌హానల్లానే అనాలి, కానీ మన దగ్గర ఎక్కువమంది పాటించేది తట్టడమే. ఆయన వెంటనే కూర్చుని చివర్లో సజ్దా సహూ (మరపుకు చేసే సజ్దా) చేస్తారు, మీరూ ఆయనతోపాటే చేయండి.